గనివాడల కన్నులతో కుంగ్‌ఫూ చిత్రములు

కుంగ్‌ఫూ చిత్రములను గూర్చి రేడియోలో ప్రసంగమా యని కొందరు శ్రోతలు ఈపాటికే బొమలు ముడిచియుందురు. ఆ మాట చెవిని బడగానే మనకు స్ఫురించునవి కేకలు, పిడిగుద్దులు, గాలిలో పల్టీలు, పెదవుల కదలికతో పొసగని మాటలు. పిల్లలు బడి యెగ్గొట్టి చూచునవి, పెద్దలు చూచియు చూడలేదని చెప్పునవి అని వానికొక పేరు స్థిరపడినది. ఆ పేరు కొంతవరకు న్యాయమైనదే. 1960, 1970 దశకములలో హాంకాంగునందు ఇట్టి చిత్రములు తామరతంపరగా పుట్టినవి. కథ యొకటే, పగ యొకటే. వేషములు మాత్రము మారుచుండును. వానిలో పెక్కింటిని నేడు మరల చూడవలసిన పనిలేదు.

అయినను ఆ తాలునందు గట్టిగింజలు కొన్ని కలవు. ఏదో ప్రొద్దుపుచ్చుటకని కూర్చున్నవానిని నిటారుగా కూర్చుండజేయు చిత్రములవి. వాని గుణము రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో బొగ్గుగనుల నీడన బ్రదుకు కుటుంబములకు ఇతరులకంటె త్వరగా పట్టుబడునని నేననుకొందును. ఏలయన, వానిలో ఉత్తమమైనవి పైకి కొట్లాటకథలే యైనను లోపల పనిపాటల కథలు.

కుంగ్‌ఫూ అను మాటకు చీనా భాషలో యుద్ధవిద్య యను అర్థము తరువాత వచ్చినది. చాలకాలము చెమటోడ్చి సంపాదించిన నేర్పు ఏదైనను, అది వంటయే కానిండు, చిత్రలేఖనమే కానిండు, ఆ మాటకు తగినదే. ఆ మాటలోని మొదటి అక్షరమును వారు రెండు గుర్తులు జోడించి వ్రాయుదురు. ఒకదానికి పని యని అర్థము, రెండవదానికి బలమని అర్థము. మన తెలుగులో పనితనమను మాట దీనికి మిక్కిలి దగ్గర.

ఇచ్చట మన జానపద చిత్రములను ఒకసారి తలచుకొనుట మంచిది. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు కత్తి తిప్పుచుండగా ఈలలు వేసిన తరము మనది. విఠలాచార్య చిత్రములలోని మాయలను మనము నోరు తెరచి చూచితిమి. ఆ ఆనందమును నేను తక్కువ చేయను. కాని మన రాకుమారునికి విద్య ఎట్లు వచ్చెను? గురువుగారి ఆశ్రమమున ఒక పాట మొదలగును. పల్లవిలో కఱ్ఱ పట్టిన బాలుడు చరణము ముగియునప్పటికి మీసములు వచ్చిన వీరుడై నిలుచును. అభ్యాసమును మన చిత్రములు దాటవేసినవి. హాంకాంగు చిత్రములలో మేలైనవి సరిగా ఆ దాటవేసిన చోటనే ఆగినవి.

వానిని గూర్చి చెప్పుటకు ముందు బ్రూస్ లీ మాట చెప్పక తీరదు. మనదేశమున ఈ చిత్రములకు ద్వారము తెరచినవాడు ఆయనయే. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' పేరు ఎరుగనివారు లేరు. ఆ చిత్రము విడుదల కాకముందే, ఆ యేటి జూలై 20న, ఆయన మరణించెను. ఆ ప్రభావమున మన పట్టణములలో కరాటే బడులు వెలసినవి. 1980 దశకమున కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ వంటి నటులు తెలుగు తెరకు వచ్చిరి. కాని నా మట్టుకు నాకు బ్రూస్ లీ చిత్రములలో అందరును చిన్నచూపు చూచు 'ది బిగ్ బాస్' అన్నదియే ఎక్కువ విలువగలదిగా కనబడును. అది 1971 నాటిది, థాయిలాండునందు తీసినది. తళుకుబెళుకులు లేవు. ఒక పల్లెటూరి యువకుడు దూరదేశమున తన జ్ఞాతులతోపాటు మంచుగడ్డల కర్మాగారమున కూలికి కుదురును. కొట్లాటకు దిగనని తల్లికి మాట యిచ్చి, ఆ మాటకు గుర్తుగా మెడలో ఒక పతకము ధరించియుండును. చిత్రము సగము దగ్గరపడువరకు అతడు చేయి ఎత్తడు. బ్రూస్ లీని చూడవచ్చిన ప్రేక్షకునికి అంతసేపు ఉపవాసము!

మంచుగడ్డలలో మత్తుమందు దాచి పంపుచున్నారు. ఆ సంగతి తెలిసిన కార్మికులు ఒకరి తరువాత నొకరు మాయమగుచుందురు. మావారేరీ యని తక్కినవారు పని ఆపి నిలదీయుదురు. అప్పుడు యజమాని ఏమి చేసెను? ఆ క్రొత్త యువకునే మేస్త్రీని చేసి, విందునకు పిలిచి, త్రాగించెను. మరునాటి ఉదయమునకు తోటివారి చూపు మారిపోయెను. నిన్నటిదాక తమలో నొకడైనవాడు నేడు ఎవరివాడో వారికి తెలియలేదు. ఈ ఘట్టమును పనివాడలో పుట్టిపెరిగినవారికి ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. బెదిరింపునకు లొంగనివానిని పదవితో విడదీయుట ఎంత పాత ఉపాయమో వారెరుగుదురు. చిత్రపు చివరి భాగము రక్తసిక్తము. అది నాకు రుచింపదు. కాని ఆ మేస్త్రీ ఘట్టము ఏ పెద్ద దర్శకుని చిత్రమునందైనను తలయెత్తుకొని నిలువగలదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. 1978లో షా బ్రదర్స్ సంస్థ 'ది థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్' అను చిత్రమును విడుదల చేసినది. 36వ గది యని మనము చెప్పుకొందము. దర్శకుడు లౌ కర్ లియుంగ్. కథానాయకుడు గోర్డన్ లియు. ఈ దర్శకుని సంగతి కొంత చెప్పవలెను. ఆయన తండ్రి స్వయముగా యుద్ధవిద్యాగురువు. ఆ తండ్రికి గురువు లామ్ సాయి వింగ్. ఆయనకు గురువు దక్షిణ చీనాలో ఇంటింట పేరు వినబడు వాంగ్ ఫే హుంగ్. అనగా ఈ దర్శకుడు తెరపై చూపినది పుస్తకములలో చదివినది కాదు. గురుపరంపరగా తన యింటికి వచ్చిన విద్య. ఆయన 2013లో కన్నుమూసెను.

కథ సులభము. పరుల పాలనలో అన్యాయమునకు గురియైన ఒక విద్యార్థి తప్పించుకొని షావొలిన్ మఠమును చేరును. (దక్షిణభారతమునుండి వెళ్ళిన బోధిధర్ముడు ఆ మఠమున ఈ విద్యకు మూలపురుషుడని మనవారు గర్వముగా చెప్పుకొందురు. ఆ కథ 17వ శతాబ్దపు చీనా గ్రంథములతో బలపడినదని పండితులు తేల్చినారు. గర్వము కొంచెము తగ్గించుకొన్నను చిత్రమునకు నష్టము లేదు.) మఠమున 35 గదులు కలవు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క విద్య. యువకుడు ఉత్సాహము పట్టలేక అన్నిటికంటె పై గదిలోనే మొదలిడెదననెను. అచ్చట కేవలము గ్రంథపఠనము! అచ్చటి వృద్ధ భిక్షువుల బలమునకు తాళలేక అతడు క్షణములో బయట పడెను. అప్పుడు మొదటి గదికి వచ్చెను. భోజనశాలకు పోవు దారిలో నీటిగుంట. నీటిపై తేలు కట్టెలు. వానిపై అడుగుంచి దాటినవానికే అన్నము. బట్ట తడిసినవానికి ఆకలియే.

తరువాత నీళ్ళ మోత. రెండు చేతులలో రెండు బాల్చీలు పట్టి, చేతులు బారచాచి, ఎత్తునకు ఎక్కవలెను. చేతులకు లోపలివైపున కత్తులు కట్టియుందురు. చేయి వ్రాలెనా, కత్తి ప్రక్కను పొడుచును. ఇంకొక గదిలో పొడవైన వెదురుగడ కొనకు బరువు తగిలించి, మణికట్టు బలముతోనే గంటను లయ తప్పక కొట్టవలెను. వేరొక గదిలో తల కదల్పక ఊగుచున్న దీపమును కన్నులతోనే వెంబడింపవలెను. ఇట్లు చిత్రమున పెద్దభాగము శిక్షణయే. శత్రువు లేడు, పగ లేదు, పాట లేదు. ఒకడు ఒక పని నేర్చుచున్నాడు. మనము ఊపిరి బిగపట్టి చూచుచున్నాము. ఇది ఎట్టి సాహసమో ఆలోచింపుడు. ఏ నిర్మాతయైనను కత్తెర వేయుమని చెప్పు భాగమునే ఈ దర్శకుడు చిత్రముగా నిలిపెను.

గనిలో క్రొత్తగా చేరువానికి శిక్షణ తప్పనిసరి చేయుచు మనదేశమున 1966లో ప్రత్యేక నియమములు వచ్చినవి. అందుచేత శిక్షణ యనగానేమో ఈ ప్రాంతమున ప్రతి యింటికిని తెలియును. నేల లోపల నడచుటయే ఒక విద్య. దీపపు వెలుగు ఎంతమేరకో అంతయే లోకము. నెత్తిపైనున్న కప్పును కఱ్ఱతో తట్టి, ఆ చప్పుడు గట్టిగానున్నదో బోలుగానున్నదో చెవితో పోల్చుకొనుట ఇంకొక విద్య. చెవి తప్పు చేసెనా, దిద్దుకొనుటకు రెండవ అవకాశము ఉండకపోవచ్చును. చేతికి కత్తి కట్టుకొని నీళ్ళు మోయు యువకుడు మనవారికి వింతగా తోచడు.

విద్య ముగిసిన పిదప ఆ యువభిక్షువును ఒక గదికి అధిపతిగా ఉండుమందురు. అతడు 36వ గది కావలెననును. మఠపు గోడల వెలుపలి సామాన్యులకు నేర్పుటకు. పెద్దలు ఒప్పుకొనరు. చిత్రము పేరులోనున్న ఆ 36వ గది సామాన్యులకొరకే యని మనకు చివర తెలియును.

ఈ చిత్రమునకు 1980లో ఒక తమ్ముడు పుట్టినాడు. 'రిటర్న్ టు ది 36త్ ఛాంబర్' అని దాని పేరు. దర్శకుడును నటుడును వారే. మొదటిదానిని ఎరిగినవారుకూడ దీనిని వట్టి హాస్యచిత్రమని త్రోసిపుచ్చుట కలదు. నా లెక్కలో అనుకొన్నదానికంటె మిన్నగా తేలిన చిత్రములలో ఇదియే మొదటిది. కథ ఒక అద్దకపు కర్మాగారమున నడచును. యజమాని పైనుండి క్రొత్త నిపుణులను తెచ్చి, వారి జీతమునకై పాతవారి కూలిలో నూటికి 20 వంతులు కోసివేయును. అడిగినవారికి దెబ్బలు. కార్మికులు ఒక చిల్లరమోసగానికి గుండు గొరిగించి, షావొలిన్ గురువని వేషము కట్టించి యజమానిని బెదరింపజూతురు. వేషము బయటపడును, దెబ్బలు రెట్టింపగును.

మోసగాడు సిగ్గుపడి నిజముగనే విద్య నేర్తునని మఠమునకు పోవును. గురువు విద్య నేర్పడు. మఠపు కట్టడములను బాగుచేయవలసియున్నది, చుట్టును వెదురు పరంజా కట్టుమని ఆజ్ఞాపించును. నెలల తరబడి అతడు ఒంటరిగా వెదురులు మోయుచు, ముడులు బిగించుచు, పరంజాపై నడచుచు, క్రింద ఇతరులు చేయు సాధనను దొంగచూపులు చూచుచు కాలము గడపును. పని ముగియగానే విప్పివేయుమందురు. వెళ్ళిపొమ్మందురు. ఏమియు నేర్వలేదని ఏడ్చుచు ఇల్లు చేరిన తరువాతగాని తన చేతులకు ఏమి వచ్చినదో అతనికి తెలియదు.

ఈ చిత్రమును నేను మా వీధిలోని ఒక పెద్దమనిషితో కలసి చూచితిని. ఆయన గనిలో టింబర్‌మన్‌గా 30 ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనినవారు. కప్పు కూలకుండ దుంగలు నిలుపుట ఆయన పని. కొట్లాట ఘట్టములలో ఆయన కునికిపాట్లు పడిరి. పరంజా ఘట్టము రాగానే లేచి కూర్చుండి, నా భుజము తట్టి, "ముఖం కాదు సారూ, చెయ్యి సూడు. కట్టు కట్టెటోని చెయ్యి అది. ఊకె సుడుతలేడు, బరువు ఎటు వడ్తదో సూసుకొని సుడుతున్నడు" అనిరి. ఆ ముక్కను మరల వేయించుకొని మూడుమారులు చూచిరి. తరువాత చిత్రమును అట్లే నిలిపి గంటసేపు దుంగలను గూర్చి చెప్పిరి.

"కట్టె మాట్లాడతది సారూ. మీద బరువు వడ్తాంటె కిర్రుకిర్రుమంటది. ఇన్నోడు ఎనుకకు వస్తడు. ఇననోడు అండ్లనే ఉంటడు. ఇనుము గట్ల చెప్పది." దుంగను ఎంత పొడవున కోయవలెనో కొలబద్ద లేకయే చూపుతో చెప్పుట, దుంగకును కప్పునకును నడుమ చెక్క చీలను కొట్టునప్పుడు దెబ్బ చప్పుడునుబట్టి బిగువు తెలిసికొనుట, ఇవన్నియు ఆయన వివరించిరి. ఇంటిలో ఆయన కొడుకు కూర్చుండి వినుచుండెను. అతడు ఉపరితల గనిలో పెద్ద వాహనము నడపును. "నాయినా, నువ్వు దుంగలు మోసిన్నంటివి గని ఇదంత ఎన్నడు చెప్పలేదు" అనెను. "నువ్వెన్నడు అడిగినవు బిడ్డా?" అని మాత్రము తండ్రి అనిరి. ఆ యింట తండ్రి పని ఇంతకాలము వట్టి మోతపనిగా లెక్కకు వచ్చినది.

ఈ చిత్రములు మన ప్రాంతమునకు ఎందులకు ముఖ్యమో ఆ రాత్రి నాకు తేటపడినది. 1871లో విలియం కింగ్ ఇల్లందు వద్ద బొగ్గును గుర్తించినది మొదలు ఈ నేలలో ఒక పెద్ద విద్య పెరిగినది. తట్ట, చెమ్మసుతో టబ్బులు నింపినవారి విద్య. దుంగలు నిలిపినవారి విద్య. కప్పును చెవితో చదివినవారి విద్య. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఉపరితల గనులనుండి వచ్చుచున్నది. లోపలి గనులలో టబ్బులు నింపు పనిని యంత్రములు చేయుచున్నవి. కప్పును ఇనుప బోల్టులు పట్టియున్నవి. ప్రాణములు దక్కుటకు ఇది మేలే. ఆ పెద్దమనిషియు కాదనలేదు. కాని ఆ చేతుల నేర్పు ఆ చేతులతోనే పోవుచున్నది. లౌ కర్ లియుంగ్ తన తండ్రి చేతి విద్యను తెరపై నిలిపి పోయెను. కాబట్టియే అది నేడు మన గోదావరిఖనిలో ఒక గదిలో కూర్చున్నవారి కన్నులకు అందినది. టింబర్‌మన్ చేతిని చూపిన చిత్రము నాకు తెలిసి ఒక్కటియు లేదు.

స్త్రీల మాటయు చెప్పవలసియున్నది. ఇవి మగవారి చిత్రములని ఇంట స్త్రీలు లేచిపోవుదురు. అది తొందరపాటు. 1966 నాటి 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కింగ్ హు అను దర్శకుడు చెంగ్ పే పే అను నటిని ముఖ్యవీరురాలిగా నిలిపెను. ఆ దర్శకుని వేరొక చిత్రమునకు 1975లో కాన్ చలనచిత్రోత్సవమున సాంకేతిక బహుమతి వచ్చినది. మన కుటుంబములకు మరింత నచ్చునది లౌ కర్ లియుంగ్ 1981లో తీసిన 'మై యంగ్ ఆంటీ'. ఆస్తి దుర్మార్గుని పాలుగాకుండ కాపాడుటకు ఒక యువతి మరణశయ్యపైనున్న వృద్ధుని వివాహమాడును. దానితో ఆమె వరుసకు పిన్నియగును. తనకంటె వయసున ఎంతో పెద్దవాడు ఆమెకు కొడుకువరుస! వయసు గౌరవమా, వరుస గౌరవమా? ఈ చిక్కు తెలుగింటివారికి పెండ్లిపందిళ్ళలో నిత్యము ఎదురగునదే. ఆ వయసు మీరిన కొడుకువరుసవాని వేషము దర్శకుడే వేసెను. పిన్ని వేషము వేసిన కారా హుయికి 1982లో మొదటి హాంకాంగు చలనచిత్ర పురస్కారములలో ఉత్తమనటి బహుమానము లభించినది. మా యింట ఈ చిత్రమునకే ఎక్కువ నవ్వులు.

ఇంత గుణముండగా ఇవి చౌకబారువను పేరు ఎట్లు వచ్చెనని అడుగవచ్చును. సగము తప్పు మనము చూచిన ప్రతులది. షా సంస్థ చిత్రములను ఎత్తునకు రెండింతలకంటె ఎక్కువ వెడల్పుగల తెరకై తీసిరి. వానిని చదరపు టెలివిజన్ పెట్టెలో ఇమిడించుటకు రెండు ప్రక్కలను కోసివేసిరి. ఇద్దరు పోరాడుచుండగా ఒకడే కనబడును. రెండవవాని మోచేయి మాత్రము అప్పుడప్పుడు లోనికి వచ్చును. ఇక పెదవులకు మాటలు పొసగవన్న నింద అన్యభాషలోనికి మార్చినవారిపై మాత్రమే వేయరాదు. ఆ కాలపు హాంకాంగు చిత్రములలో చిత్రీకరణ సమయమున ధ్వనిని గ్రహించు వాడుక తక్కువ. వారి స్వభాషలోకూడ మాటలు తరువాత చేర్చినవే. 2000లో ఒక సంస్థ షావారి 700కు పైగా చిత్రములను కొని, పాత ప్రతులను శుభ్రపరచి వెలువరించుటతో అసలు రూపము మరల కనబడినది.

లోపములు లేవని కాదు. కెమెరా హఠాత్తుగా ముఖముమీదికి దూకుట కన్నులకు శ్రమ. హాస్యమనుకొన్నది కొన్నిచోట్ల వెగటు. రక్తము అవసరమునకు మించి పారును. చిన్నపిల్లలకు అన్నియు చూపదగినవి కావు. 36వ గది చిత్రములు రెండును, పిన్ని కథయు నిశ్చింతగా ఇంటిల్లిపాదియు చూడవచ్చును. 'ది బిగ్ బాస్' పెద్దలకు మాత్రమే.

చూడదలచినవారు మొదట 1978 నాటిది, తరువాత 1980 నాటిది చూచినచో హాస్యము బాగుగ అందును. వెడల్పు తెర ప్రతినే వెదకవలెను. పైనను క్రిందను నల్లని పట్టీలున్నవని చిరాకుపడి వానిని పోగొట్టుటకై చిత్రమును సాగదీయరాదు. ఇంట గనిలో పనిచేసిన పెద్దవారున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. పరంజా ఘట్టము వచ్చినప్పుడు ధ్వని తగ్గించినను నష్టము లేదు. అచ్చట మాటలు తక్కువ, వారు చెప్పునది వినవచ్చును.